మెషీన్ లేవకముందే తప్పే లెక్క

దేవరకొండ దిక్కైనా అచ్చంపేట దిక్కైనా ఏ రైతునైనా అడిగి చూడండి: ఎకరం ఇరవై అయిదు గుంటలకు ఇంకో ఎకరం ఇరవై అయిదు గుంటలు కలిపితే ఎంత? నలభై గుంటలు ఎకరం కాబట్టి మూడెకరాల పది గుంటలని తడుముకోకుండా చెప్తాడు. పహాణీలో అయితే ఆ కూడిక 1.25, 1.25, మొత్తం 3.10 అని కనిపిస్తుంది. అవే అంకెల్ని ఎక్సెల్‌లో కొట్టి కూడమంటే 2.5 వస్తుంది. అంటే ముప్పావు ఎకరం గాలికి పోయినట్టే. తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే రైతు భరోసా సాయం ఎకరాకు సీజన్‌కు 6,000 రూపాయల లెక్కన చూస్తే దాని విలువ 4,500.

ఎక్సెల్‌కు కూడిక బాగానే వచ్చు. చుక్కకు కుడిపక్కన ఉన్నవి గుంటలని దానికి ఎవరూ చెప్పలేదు, అది అడగనూ లేదు. తనకు తెలిసిన పద్ధతిలో చదివేసి, తప్పు జవాబును ఒప్పు జవాబంత ధీమాగా చూపించింది. కీబోర్డు మీద కొట్టిన 1.25 కంప్యూటర్‌కు ముందు నాలుగు గుర్తుల వరస మాత్రమే. ఆ వరసను సంఖ్యగా మార్చడానికి ఏదో ఒక నియమం కావాలి. ఆ మార్చే పనినే ప్రోగ్రామర్లు పార్సింగ్ అంటారు. రాసినవాడి నియమం ఒకటి, చదివినవాడి నియమం ఇంకొకటి అయినప్పుడు వచ్చే తప్పులు కంప్యూటర్లలో చాలా చోట్ల ఉన్నాయి. వాటిలో ఒక చోటు మాత్రం కొంచెం ప్రత్యేకం. అక్కడ తప్పు జరిగితే దాన్ని చెప్పడానికి తెర కూడా సిద్ధంగా ఉండకపోవచ్చు. ఆ చోటు, ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ మొదలయ్యే క్షణం.

లినక్స్‌నే తీసుకుందాం. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన ఈ కెర్నెల్ బ్యాంకుల సర్వర్లలో ఉంది. ప్రతి ఆండ్రాయిడ్ ఫోన్ లోపలా ఉంది కాబట్టి నల్లగొండ గడియారం సెంటర్‌లో నిలబడ్డ జనంలో చాలామంది జేబుల్లోనూ ఉన్నట్టే. పవర్ బటన్ నొక్కగానే ముందు ఫర్మ్‌వేర్ లేస్తుంది, అది బూట్‌లోడర్‌ను లేపుతుంది, బూట్‌లోడర్ కెర్నెల్‌ను మెమరీలోకి ఎక్కిస్తుంది. ఎక్కించేటప్పుడు చేతికి ఒక చీటీ కూడా ఇస్తుంది. దాని పేరు కమాండ్ లైన్. అందులో ఒకే వరసలో రాసిన మాటలుంటాయి. ‘మెమ్=4జీ’ అంటే నాలుగు గిగాబైట్ల మెమరీకి మించి వాడొద్దని. ‘ప్యానిక్=10’ అంటే కోలుకోలేని దెబ్బ తగిలితే పది సెకన్లు ఆగి రీబూట్ చెయ్యమని. ‘లాగ్‌లెవెల్=7’ అంటే తెర మీద దాదాపు అన్ని సందేశాలూ చూపించమని. ఇలాంటివి కెర్నెల్ పత్రాల్లో వందల్లో ఉన్నాయి. లినక్స్ నడుస్తున్న కంప్యూటర్‌లో ‘ప్రాక్’ ఫోల్డర్‌లోని ‘సీఎండీలైన్’ అనే ఫైల్ తెరిస్తే, ఈసారి బూట్ అయినప్పుడు అందిన చీటీ యథాతథంగా కనిపిస్తుంది.

చీటీలో ఉన్నదంతా అక్షరాలే. అందులోంచి అంకెల్ని ఏరి సంఖ్యలుగా మార్చుకోవలసింది కెర్నెలే. ఆ పని చేసే వేళకు డిస్క్ అందుబాటులో ఉండదు. కొన్ని ఆప్షన్ల విషయంలో మెమరీని పంచే యంత్రాంగం కూడా ఇంకా లేవదు. మామూలు ప్రోగ్రామ్ అయితే తప్పు అంకె చూడగానే మళ్లీ రాయమని అడుగుతుంది. ఇక్కడ అడగడానికి ఎదురుగా ఎవరూ లేరు.

లాగ్‌లెవెల్ కథ ఈ ఇబ్బందిని బాగా చూపిస్తుంది. దాని విలువ సున్నా అయితే అత్యవసరమైనవి సహా ఏ సందేశమూ తెర మీదికి రాదు. ఒకప్పుడు ఆ ఆప్షన్‌ను చదివే కోడ్, అంకె దొరికిందా లేదా అని చూసుకోకుండా, చదివినదాన్ని నేరుగా లాగ్‌లెవెల్‌గా పెట్టేసేది. అంకె ఉండాల్సిన చోట ఏదో అక్షరం పడిందనుకోండి, చదివే ఫంక్షన్‌కు అంకె దొరకదు, ఫలితం సున్నా అవుతుంది. ఆ తర్వాత కెర్నెల్ ఎక్కడ కూలినా తెర నల్లగానే ఉంటుంది. ఎందుకు కూలిందో చెప్పవలసిన నోటినే ఆ పొరపాటు మూసేస్తుంది. తర్వాత దీన్ని సరిచేశారు. సరైన అంకె వచ్చినప్పుడే విలువ మార్చాలి, లేకుంటే పాతదే ఉంచాలి. చేసిన మార్పు కొద్ది లైన్లే. కానీ పక్కన ఒక వ్యాఖ్య కూడా రాసి పెట్టారు: సున్నా పడితే వచ్చే గుడ్డి క్రాష్‌లను పట్టుకోవడం చాలా కష్టం కాబట్టి ఈ జాగ్రత్త అని. ఎవరో ఆ నల్ల తెర ముందు గంటలు గంటలు కూర్చున్నారని ఆ వ్యాఖ్య చదివితే తెలిసిపోతుంది.

ఇక ముందు సున్నా సంగతి. పాలమూరు (మహబూబ్‌నగర్) ఎస్‌టీడీ కోడ్ 08542, నల్లగొండది 08682. ల్యాండ్‌లైన్లు వాడినవాళ్లకు ఇవి నోటికొచ్చిన అంకెలు. కెర్నెల్‌లో చాలా ఆప్షన్లు అంకెను చదివేటప్పుడు ఏ పద్ధతిలో చదవాలో అంకె వాలకాన్ని బట్టే తేల్చుకుంటాయి. ముందు సున్నా, వెంటనే ఎక్స్ ఉంటే పదహారు ఆధారంగా చదవాలి. ఉత్త సున్నా ఉంటే ఎనిమిది ఆధారంగా చదవాలి. ఏమీ లేకుంటే మనం బడిలో నేర్చిన పది ఆధారంగా. సీ భాష నుంచి వచ్చిన అలవాటిది. ఎనిమిది ఆధారంగా ఉన్న లెక్కలో ఎనిమిది, తొమ్మిది అనే అంకెలే ఉండవు. అందుకని 08542ను ఆ పద్ధతిలో ఇస్తే పాత ఫంక్షన్ మొదటి సున్నా చదివి, ఎనిమిదిని చూసి ఆగిపోయి, జవాబు సున్నా అనేస్తుంది. మహబూబ్‌నగర్ మొత్తం సున్నా అయిపోతుంది! 010 అని ఇస్తే ఇంకా నయవంచన. అది చక్కగా చెల్లే అంకె కాబట్టి ఎక్కడా ఆగకుండా 8 అని చదువుతుంది.

ఈ సున్నా గోల కెర్నెల్‌కే పరిమితం కాదు. 2021 మార్చిలో నెట్‌మాస్క్ అనే జావాస్క్రిప్ట్ ప్యాకేజీలో ఇదే జబ్బు బయటపడింది. 0177తో మొదలయ్యే ఇంటర్నెట్ చిరునామాను ఆ ప్యాకేజీ 177 అని చదివి, బయటి మెషీన్ అనుకునేది. అసలు కనెక్షన్ పెట్టే వ్యవస్థ మాత్రం ఎనిమిది లెక్కలో 127 అని చదివేది, అంటే సొంత మెషీనే. కాపలావాడు ఒక అంకె చదివితే తలుపు ఇంకో అంకె చదివిందన్నమాట. లక్షల ప్రాజెక్టులు ఆ ప్యాకేజీ మీద ఆధారపడి ఉండటంతో హడావిడిగా సరిదిద్దారు.

మన కామాలు ఇంకో తంటా. లక్షను మనం 1,00,000 అని రాస్తాం. కెర్నెల్ కమాండ్ లైన్‌లో కామా అంటే ఒక అంకె అయిపోయి ఇంకో అంకె మొదలైందని గుర్తు. జాబితాలు చదివే ఫంక్షన్‌కు ఈ లక్షను ఇస్తే మూడు అంకెలు తీసుకుంటుంది: ఒకటి, సున్నా, సున్నా. ఫిర్యాదేమీ చెయ్యదు.

అవును, కాదు అని చెప్పే ఆప్షన్ల దగ్గర పట్టింపు ఇంకా తక్కువ. వాటిని చదివే ఫంక్షన్ మొదటి అక్షరం చూసి తేల్చేస్తుంది. ఇంగ్లిష్ వై గానీ 1 గానీ ఉంటే అవును, ఎన్ గానీ 0 గానీ ఉంటే కాదు. ఓ ఉంటే మాత్రమే ‘ఆన్’ అన్నారా ‘ఆఫ్’ అన్నారా అని రెండో అక్షరం వరకు వెళ్తుంది. కాబట్టి ఆప్షన్ విలువగా ఇంగ్లిష్‌లో యాదగిరిగుట్ట అని రాస్తే కెర్నెల్ అవునంటుంది, నల్లగొండ అని రాస్తే కాదంటుంది. మహబూబ్‌నగర్ అని రాస్తేనే, ఇది చెల్లదు పొమ్మంటుంది. పాలమూరువాళ్లు నొచ్చుకోనక్కర్లేదు. ఈ ముగ్గురిలో సరైన మర్యాద దక్కింది వాళ్లకే.

అసలు గట్టి దెబ్బలు మెమరీ ఆప్షన్ల దగ్గర తగులుతాయి. మెమరీ పరిమాణాన్ని బైట్లలో పూర్తిగా రాయడం నరకం. నాలుగు గిగాబైట్లంటే 4,29,49,67,296 బైట్లు. అందుకని చివర ఒక అక్షరం పెట్టి పని ముగిస్తారు: కే, ఎమ్, జీ, టీ, పీ, ఈ. ఒక్కో మెట్టుకు విలువ 1024 రెట్లు పెరుగుతుంది. దీన్ని చదివే ఫంక్షన్ పేరు మెమ్‌పార్స్. ఈ అక్షరం మర్చిపోయి ‘మెమ్=64’ అని రాస్తే కెర్నెల్‌కు అందే ఆజ్ఞ, అరవై నాలుగంటే అరవై నాలుగు బైట్లతో కాపురం చెయ్యమని. ఆ మెషీన్ లేవదు.

రెండో చివర కూడా అంతే ప్రమాదం. మెమ్‌పార్స్ జవాబును 64 బిట్ల గదిలో పెడుతుంది. ఈ అంటే ఎక్సాబైట్, రెండును అరవైసార్లు హెచ్చించినంత. 16 ఎక్సాబైట్లంటే రెండును అరవై నాలుగుసార్లు హెచ్చించినంత. అది గదికి సరిగ్గా ఒక్కటి ఎక్కువ. పై బిట్ రాలిపోయి జవాబు సున్నా అవుతుంది. 17 ఎక్సాబైట్లని రాస్తే 1 ఎక్సాబైట్ వస్తుంది. ఎవరు రాస్తారంత పెద్ద అంకె అనిపించవచ్చు. చెయ్యి జారి ఒక అక్షరం బదులు ఇంకొకటి పడటానికి ఎంతసేపు? ఎక్స్86 రకం ప్రాసెసర్లున్న మెషీన్ల కోడ్ రాసినవాళ్లు దీన్ని కొంతవరకు ఊహించారు. మెమ్ విలువ సున్నా వస్తే దాన్ని తోసిపుచ్చే షరతు ఒకటి పెట్టి, తప్పు ఆప్షన్ ఇచ్చారని ఉన్న మెమరీ మొత్తం తీసెయ్యొద్దని పక్కన రాసుకున్నారు. ఆ షరతు 16ను ఆపుతుంది. 17ను ఆపదు.

ఈ అక్షరానికే ఇంకో గుణం ఉంది. పదహారు ఆధారంగా రాసే లెక్కలో ఏ నుంచి ఎఫ్ వరకు అక్షరాలూ అంకెలే కాబట్టి అక్కడ ఈ అంటే పద్నాలుగు. సున్నా-ఎక్స్-10 రాసి పక్కన ఈ పెడితే పదహారు ఎక్సాబైట్లన్నట్టా, లేక 270 అనే సంఖ్యా? మెమ్‌పార్స్ రెండోదే అనుకుంటుంది. అది అలా అనుకుంటుందని రాసినవాడికి తెలియకపోవడమే చిక్కు.

ఇక అన్నిటికంటే విడ్డూరమైనది. మెమరీ చిప్‌లో కొంత భాగం పాడైతే, ఆ ముక్క జోలికి పోవద్దని చెప్పడానికి ‘మెమ్‌మ్యాప్’ అనే ఆప్షన్ ఉంది. ఎంత ముక్క, ఎక్కడి నుంచి అని రెండు అంకెలివ్వాలి, మధ్యలో డాలర్ గుర్తు పెట్టాలి. కెర్నెల్ పత్రాల్లోని ఉదాహరణలో ఆ మొదటి అంకె 64కే. అంటే ఫలానా చోటి నుంచి 64 కిలోబైట్లు వదిలెయ్యమని అర్థం. కానీ గ్రబ్ అనే బూట్‌లోడర్‌కు డాలర్ అంటే వేరే అర్థం. దాని వెనక ఉన్నదాన్ని ఏదో పేరనుకుని, డాలర్‌ను, పక్కనున్న అంకెను కలిపి మింగేస్తుంది. కెర్నెల్ చేతికి వచ్చేసరికి ‘మెమ్‌మ్యాప్=64కే’ మాత్రమే మిగులుతుంది. ఎక్స్86 కెర్నెల్ దాన్ని చూసి, 64కేకు పైనున్న మెమరీ అంతా వాడొద్దంటున్నారని అర్థం చేసుకుంటుంది. 64కే వదిలెయ్యమంటే 64కే తప్ప అన్నీ వదిలేస్తుంది. ఇందులో గ్రబ్ తన నియమం తప్పలేదు, కెర్నెల్ తన నియమం తప్పలేదు. ఆ డాలర్ ముందు తప్పించే గుర్తు పెట్టుకోవాలని పత్రాల్లో హెచ్చరిక రాశారు. హెచ్చరిక చదివేది ఎక్కువగా మెషీన్ లేవక అవస్థ పడ్డ తర్వాతే అన్నది వేరే సంగతి.

మరి వీటిని బాగు చెయ్యడం ఎలా సాగింది? కెర్నెల్‌లో పాతకాలం నుంచీ ఉన్న అంకెల ఫంక్షన్లకు ‘సింపుల్ స్ట్రటోల్’ తరహా పేర్లున్నాయి. అవి మొదటి అంకె నుంచి చదువుతూ, అంకె కానిది కనిపించగానే ఆగి, అప్పటికి ఉన్నది జవాబుగా ఇస్తాయి. అంకె గదికి మించి పెరిగినా పట్టించుకోవు. 2008లో కొంచెం కఠినమైన రకం తెచ్చారు. దానిలోనూ లోపాలు తేలాయి. 2011లో అలెక్సీ డోబ్రియాన్ అనే డెవలపర్ పనంతా కొత్తగా రాసి ‘కేస్ట్రటో’ అనే కుటుంబాన్ని ప్రవేశపెట్టాడు. ఆ మార్పుకు పెట్టిన శీర్షికలో, అక్షరాల్ని సంఖ్యలుగా మార్చే పని ఈసారి సరిగ్గా చేశామని రాసి, బ్రాకెట్లో ‘ఆశిస్తున్నాం’ అన్న అర్థమిచ్చే మాట పెట్టాడు. ఇరవై ఏళ్లుగా నడుస్తున్న కెర్నెల్‌లో ఒక అంకె చదవడం గురించి అంత వినయం అవసరమైందంటే సమస్య ఎంత జిగటగా ఉందో అర్థమవుతుంది.

కొత్త ఫంక్షన్లు రెండు పనులు చేస్తాయి. అంకె వెనక వేరే చెత్త ఉంటే చెల్లదంటాయి. గదికి మించితే పరిమితి దాటిందంటాయి. చివర ఒక్క కొత్త లైన్ గుర్తును మాత్రం క్షమిస్తాయి, ఎందుకంటే కమాండ్‌తో అంకె పంపేటప్పుడు అది దానంతటదే తోకలా వస్తుంది. పాత ఫంక్షన్‌కు 08 ఇస్తే సున్నా అనేది. కొత్తది చెల్లదంటుంది, లేదా పది ఆధారంగా చదవమని ముందే చెప్తే ఎనిమిదంటుంది.

కెర్నెల్‌కు మార్పులు పంపేవాళ్ల ప్యాచ్‌లను ముందుగా తనిఖీ చేసే స్క్రిప్ట్ ఒకటుంది. పాత ఫంక్షన్ కనిపిస్తే కొత్తది వాడమని అది గొణుగుతుంది. కొత్తవాళ్లు మొదటి ప్యాచ్‌కు ఇదే దారి ఎంచుకుంటుంటారు: పాత పేరు వెతుకు, కొత్త పేరు పెట్టు, పంపు. ఇక్కడే బోల్తా పడతారు. మెమ్‌మ్యాప్ ఆప్షన్‌నే చూడండి. మొదటి అంకె దగ్గర ఆగి, తర్వాత ఏ గుర్తు ఉందో చూసి, రెండో అంకెకు పోవాలి. వెనక ఏదైనా ఉంటే చెల్లదనే ఫంక్షన్ అక్కడ పెడితే సరైన ఆప్షన్ కూడా చెల్లకుండా పోతుంది. దీన్ని గుర్తించి 2019లో కెర్నెల్ కోడ్‌లోని వ్యాఖ్యను మార్చారు. 10ఎక్స్50, 12:21 లాంటి జంటల్ని చదవడానికి పాత ఫంక్షన్లు పనికొస్తాయి, వేరే దారి లేనప్పుడే వాడండి అని. పాతదంతా పీకెయ్యాలన్న ఉత్సాహం కంటే ఈ మాటే మెరుగైన ఇంజనీరింగ్.

చిన్న లోపాలు ఇంకా ఎన్నో ఏళ్లు దాక్కున్నాయి. 2020 డిసెంబరులో ఇంటెల్‌కు చెందిన ఆండీ షెవ్‌చెంకో ఒకటి పట్టుకున్నాడు. విలువ ఉండాల్సిన చోట అంకె లేకుండా ఉత్త అడ్డగీత ఉంటే, చదివే ఫంక్షన్ దాన్ని మైనస్ గుర్తుగా తీసుకుని ఒక అడుగు ముందుకు వేసేది. ముందుకు కదిలింది కాబట్టి అంకె దొరికినట్టేనని తేల్చేది. నిజానికి దొరికిందేమీ లేదు. దాన్ని సరిచేస్తూ ఇలాంటి తిక్క విలువలతో పరీక్షించే టెస్టులు కూడా జతచేశాడు. మార్పు కంటే ఆ టెస్టులే ఎక్కువ మేలు, మళ్లీ ఎవరైనా పాడుచేస్తే వెంటనే మొత్తుకుంటాయి.

అంకె తప్పని తెలిశాక దాన్ని ఎవరికి చెప్పాలన్నది ఇంకో ప్రశ్న. బూట్ ఆప్షన్ చదివే ఒక రకం ఫంక్షన్లు పని తమదే అయితే 1 అని, కాకపోతే 0 అని జవాబివ్వాలి. సున్నా అంటే విజయమని అలవాటుపడ్డ ప్రోగ్రామర్లు చాలాచోట్ల తిరగేసి రాశారు. దాంతో కెర్నెల్ తాను వాడుకున్న ఆప్షన్‌ను కూడా ఎవరిదో అనుకుని, తర్వాత లేచే మొదటి ప్రోగ్రామ్‌కు పంపేసేది. 2022లో ర్యాండీ డన్‌లప్ అనే సీనియర్ డెవలపర్ కెర్నెల్ అంతా కలియతిరిగి ఇలాంటివి పదుల సంఖ్యలో సరిచేశాడు. ఒక్కో ప్యాచ్‌లో మారింది ఒకటి రెండు అంకెలే. ఇలాంటి పనికి పత్రికల్లో ఫొటోలు పడవు.

తెలుగు అంకెల సంగతేమిటని అడిగేవాళ్లుంటారు. ౧౨౩ అని రాసి పైథాన్ భాషలో సంఖ్యగా మార్చమంటే 123 అని ఇస్తుంది, జావా కూడా ఇస్తుంది. కెర్నెల్ ఒప్పుకోదు. దానికి 0 నుంచి 9 వరకు ఉన్న పది గుర్తులే అంకెలు. ఇక్కడ కెర్నెల్ పక్షమే న్యాయమనిపిస్తుంది. అన్ని లిపుల అంకెలనూ గుర్తించే పట్టికలు మోసుకు తిరగడం మెషీన్ లేచే వేళ చేసే పని కాదు. పైగా ఒప్పుకోనని తెగేసి చెప్పే ప్రోగ్రామ్‌తో పేచీ లేదు, పేచీ అంతా ఒప్పుకున్నట్టు నటించేవాటితోనే.

నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీలోనో పాలమూరు యూనివర్సిటీలోనో కంప్యూటర్ చదివే పిల్లలు దీన్నంతా తమ ల్యాప్‌టాప్‌లోనే చూడవచ్చు. సొంత మెషీన్‌ను బలి పెట్టనక్కర్లేదు. క్యూఎము అనే ఉచిత ప్రోగ్రామ్ కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ను సృష్టిస్తుంది. దానికి ఒక లినక్స్ కెర్నెల్ ఇచ్చి, డిస్క్ ఏదీ ఇవ్వకుండా, కమాండ్ లైన్‌లో ‘ప్యానిక్=010’ అని రాసి నడపాలి. రూట్ ఫైల్ సిస్టమ్ దొరక్క కెర్నెల్ కుప్పకూలుతుంది. అప్పుడు తెర మీద చివరి లైన్‌లో, 8 సెకన్లలో రీబూట్ చేస్తున్నానని వస్తుంది. తర్వాత 010 తీసి 08 పెట్టి చూడాలి. ఈసారి బూట్ సందేశాల మధ్యలో, ప్యానిక్ అనే ఆప్షన్‌కు ‘08’ చెల్లదని ఒక లైన్ కనిపిస్తుంది. సాధారణంగా ఆ ఆప్షన్ అసలు విలువ సున్నా కాబట్టి, కూలిన కెర్నెల్ మళ్లీ లేవకుండా మనం ఆపేదాకా అక్కడే నిలబడిపోతుంది.